ఒకే బండి దగ్గర నలుగురు పానీపూరి తింటే ఒక్కడికే మోషన్స్ ఎందుకు? పేగు గోడని రోజూ మైక్రోస్కోప్ కింద చూసే అక్క జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. పోయిన వారం వానలో నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఒకే బండి దగ్గర పానీపూరి తిన్నరు, ముగ్గురు మర్నాడు మామూలుగా ఆఫీసుకి పోయిన్రు, నీకు మాత్రం రెండు రోజులు మోషన్స్, జ్వరం, సెలైన్ ఎక్కించుకునే దాకా పోయింది, ఇప్పటికీ చాయ్ తాగితే కడుపు ఉబ్బరం. నా ఇమ్యూనిటీ వీక్ ఉందా, 70 శాతం ఇమ్యూనిటీ పేగుల్లోనే ఉంటదంట కదా, దాన్ని పెంచుకోవడానికి ఏం వాడాలె అని అడిగినవ్, ప్రోబయోటిక్ డబ్బా, అంటే మంచి బాక్టీరియా అని అమ్మేది, కూడా కొన్ననన్నవ్. చివర్లో ఒక్క లైన్ ఊరికే అన్నట్టు రాసి వదిలేసినవ్, గ్యాస్ కోసం రెండేళ్లుగా రోజూ పొద్దున పాంటాప్రజోల్ వేసుకుంటున్న అని. నీ ప్రశ్న మొత్తంలో నా కన్ను పడింది ఆ లైన్ మీదనే. దాని దగ్గరికి వస్త, కానీ పేగు లోపల ఎట్లుంటదో తెలియకపోతే అది అర్థం కాదు, కాబట్టి జర ఓపిగ్గా చదువు.

నేను పాథాలజిస్ట్ ని. ఎండోస్కోపీ చేసినప్పుడు డాక్టర్లు బియ్యపు గింజ కంటే చిన్న ముక్క తీసి పంపిస్తరు కదా, దాన్ని మైనంలో పెట్టి, మిల్లీమీటర్ లో 250వ వంతు మందంగా కోసి, రంగులు పట్టించి, మైక్రోస్కోప్ కింద చూసి రిపోర్ట్ రాసే పని నాది, 23 ఏళ్లుగా ఇదే చేస్తున్న. అందుకే నీకు మందుల పేర్ల కంటే గోడ గురించే ఎక్కువ చెప్త.

అందరూ తప్పు అనుకునే విషయం ఒకటుంది. పేగు లోపలి ఖాళీ అసలు మన ఒంటి లోపల లేదు. లాడ్ బజార్ లో గాజు కొంటం, గాజు మధ్యలో ఉన్న ఖాళీ గాజులో భాగమా? కాదు కదా. అట్లనే నోటి నుంచి మలద్వారం దాకా ఉన్న ఈ గొట్టం మధ్యలో ఉన్నదంతా లెక్క ప్రకారం బయటి ప్రపంచమే, నువ్వు తిన్న పానీపూరి నీళ్లు పేగు గోడ దాటేదాకా ఇంకా బయటే ఉన్నట్టు. మరి ఆ గోడ ఎంత మందం అంటే, చిన్న పేగులో తిండికి తగిలే పొర ఒక్క సెల్ మందం. ఒక్కటే వరుస. చర్మం మీద అయితే ఎన్నో వరుసలు, పైన చచ్చిన సెల్స్ తో గట్టి పెంకు లాంటి పొర కూడా ఉంటది, పేగుకి ఆ భాగ్యం లేదు, ఎందుకంటే అన్నం సారం లోపలికి పోవాలె. మంచిని రానియ్యాలె, చెడుని ఆపాలె, అదీ ఒక్క వరుస సెల్స్ తో. ఈ గోడని మొత్తం పరిస్తే టెన్నిస్ కోర్టు అంత అని మా చదువు రోజుల్లో చెప్పేవాళ్లు, 2014లో స్వీడన్ వాళ్లు మళ్లీ కొలిచి చూస్తే సుమారు 32 చదరపు మీటర్లు తేలింది, అంటే సగం బ్యాడ్మింటన్ కోర్టు కంటే కొంచెం తక్కువ. అయినా చర్మం రెండు చదరపు మీటర్లే ఉంటది, దానితో పోల్చి చూడు.

ఇగ కాపలా నోట్లోనే మొదలైతది. రోజుకి లీటరు నుంచి లీటరున్నర ఉమ్మి ఊరుతది, అందులో లైసోజైమ్ అనే ఎంజైమ్ కొన్ని బాక్టీరియాల గోడల్ని కరిగిస్తది, దీన్ని 1922లో ఫ్లెమింగ్ బయటపెట్టిండు, పెన్సిలిన్ కంటే ముందు. గొంతులో టాన్సిల్స్, నాలుక వెనక, ముక్కు వెనక కలిపి ఒక రింగు లాగ లింఫ్ కణజాలం, అంటే ఇమ్యూన్ సెల్స్ గుంపు, ఉంటది, తిండితో ఏం వస్తున్నదో మొదట రుచి చూసేది అదే. అన్నవాహిక 25 సెంటీమీటర్లు, అక్కడ తిండి కొన్ని సెకన్లే ఉంటది, దాని గురించి పెద్దగా చెప్పేది లేదు.

అసలు గేటు కడుపు. కడుపు గోడలో పెరైటల్ సెల్స్ అని ఉంటయ్, స్లైడ్ లో కోడిగుడ్డు ఆమ్లెట్ లాగ గుండ్రంగా గులాబీ రంగులో కనిపిస్తయ్, అవి తోడే హైడ్రోక్లోరిక్ ఆసిడ్ వల్ల ఖాళీ కడుపులో పీహెచ్ 1.5 నుంచి 3 మధ్య ఉంటది, ఈ అంకె ఎంత తక్కువైతే ఆసిడ్ అంత ఘాటు అన్నట్టు. పీహెచ్ 3 కంటే కింద ఉంటే మామూలు బాక్టీరియా చాలావరకు 15 నిమిషాల్లో చస్తయ్. ఇది ఎంత గట్టి కాపలానో కలరా ప్రయోగాల్లో కనిపించింది. వాలంటీర్లకి కలరా బాక్టీరియా తాగించిన పాత ప్రయోగాల్లో, ఆసిడ్ మామూలుగా ఉన్నోళ్లకి వేల కోట్ల బాక్టీరియా లోపలికి పోతే గానీ జబ్బు సరిగ్గా రాలేదు, అదే ముందు బైకార్బొనేట్, అంటే వంటసోడా లాంటిదే, తాగించి ఆసిడ్ ని చల్లార్చి ఇస్తే పది లక్షలతోనే వచ్చింది. బాక్టీరియా అదే, మనుషులు అట్లాంటోళ్లే, తేడా అంతా ఆసిడ్ తోనే. ఇప్పుడు నీ పాంటాప్రజోల్ గుర్తుతెచ్చుకో. అది చేసే పని సరిగ్గా ఇదే, ఆ పెరైటల్ సెల్స్ లో ఉన్న పంపుని మూసేస్తది, రోజులో చాలాసేపు పీహెచ్ 4 పైన నిలబెడతది. అల్సర్ ఉన్నోళ్లకి అది ప్రాణం కాపాడే మందు, నేను దాన్ని తిట్టట్లేదు, కానీ ఈ రకం మందులు రోజూ వేసుకునేవాళ్లలో సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ లాంటి ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ అని చాలా దేశాల్లో చూసిన్రు. నీ ఫ్రెండ్స్ ముగ్గురి కడుపులో గేటు మూసి ఉంది, నీది సగం తెరిచి ఉంది. నీకు జబ్బు రావడానికి ఇదే కారణం అని నేను ఇక్కడ కూర్చుని తేల్చి చెప్పలేను, ఎందుకంటే ఒకే బండి అయినా ఒక్కో పూరీలో ఎన్ని క్రిములు పోయినయ్ అన్నది వేరువేరుగా ఉంటది, ముగ్గురిలో ఒకరికి ఆ క్రిమి ముందే పరిచయం అయి ఉండొచ్చు, కానీ నేను మొదట అనుమానించేది దీన్నే. అన్ని క్రిములూ ఆసిడ్ కి లొంగుతయ్ అని కూడా అనుకోకు, రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లాకి 10 నుంచి 100 బాక్టీరియా లోపలికి పోతే చాలు, దానికి ఆసిడ్ ని తట్టుకునే ఏర్పాటు ఉంది, అందుకే అది ఇంట్లో ఒకరికి వస్తే చేతుల ద్వారా మిగతావాళ్లకి అంటుకుంటది.

ఆసిడ్ లోనే కాపురం పెట్టేది ఇంకొకటుంది, హెలికోబాక్టర్ పైలోరి. దాన్ని పట్టించింది మావాడే, ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్ట్. 1979లో బయాప్సీ స్లైడ్ల మీద ఒంకర బాక్టీరియా చూసి, కడుపులో బాక్టీరియా బతకదని అందరూ అంటున్నా నేను చూస్తున్న కదా అని పట్టుబట్టిండు. తర్వాత ఆయనతో పని చేసిన డాక్టర్ బారీ మార్షల్ ల్యాబ్ లో పెంచిన ఆ బాక్టీరియాని తనే తాగి కడుపు వాపు తెచ్చుకుని చూపించిండు, 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ ఒంకర బాక్టీరియాని స్లైడ్ లో నేను ఇప్పటికీ తరచుగా చూస్త, చూసిన ప్రతిసారీ ఆయన గుర్తొస్తడు. నీకు కూడా రెండేళ్లుగా గ్యాస్ అంటున్నవ్ కాబట్టి, ఈ టెస్ట్ ఎప్పుడైనా చేసిన్రా అని మీ డాక్టర్ ని అడుగు.

ఇగ చిన్న పేగు, నాకు అన్నిటికంటే ఇష్టమైన స్లైడ్ ఇదే. మఖ్‌మల్ గుడ్డ మీద చెయ్యి పెడితే ఎట్లుంటదో లోపలి గోడ అట్లుంటది, అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు పొడుగు వేళ్లు, వాటిని విల్లై అంటం. వేళ్ల మధ్య సందుల్లో కిందికి దిగే గుంతలు ఉంటయ్, క్రిప్ట్స్. గుంత అడుగున మూల కణాలు ఉంటయ్, అవి కొత్త సెల్స్ ని తయారుచేసుకుంట పోతయ్, ఆ సెల్స్ మెల్లమెల్లగా వేలు ఎక్కి, కొసకి చేరి, రాలిపోతయ్, మొత్తం ప్రయాణం మూడు నుంచి ఐదు రోజులు. అంటే పోయిన ఆదివారం ఉన్న గోడ ఈ ఆదివారానికి లేదు. ఇది కూడా కాపలానే, ఏదైనా క్రిమి సెల్ లోకి దూరినా ఆ సెల్ నాలుగు రోజుల్లో రాలిపోతది. ఆ మూల కణాల పక్కనే గుంత అడుగున పేనెత్ సెల్స్ కూర్చుని ఉంటయ్, స్లైడ్ లో ఎర్రటి గింజలు నింపుకుని దానిమ్మ పండు కోసినట్టు కనిపిస్తయ్, ఆ గింజలే డిఫెన్సిన్స్, లైసోజైమ్, బాక్టీరియా దగ్గరికొస్తే వాటి పొరలకి చిల్లులు పొడిచే ప్రోటీన్లు. విత్తనాల గది ముందు కాపలా పెట్టినట్టు, మూల కణాల పక్కనే ఈ సెల్స్ ఉండటం నాకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే. మధ్యమధ్యల గాబ్లెట్ సెల్స్ జిగురు వదులుతుంటయ్. నీకు మోషన్స్ లో బంక పోయిందన్నవ్ చూడు, అది జబ్బు కాదు, గోడ మీద అంటుకున్నదాన్ని కడిగేయడానికి ఈ సెల్స్ ఒక్కసారి వదిలిన జిగురే.

నీ 70 శాతం ప్రశ్న ఇక్కడికొస్తది. ఆ మాట నేను కూడా చాలా ఏళ్లు జూనియర్లకి చెప్పిన. 2023లో ఇజ్రాయెల్ లోని వైజ్మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఒంట్లో ఇమ్యూన్ సెల్స్ ఎక్కడ ఎన్ని ఉన్నయో లెక్కగడితే ఎక్కువ భాగం ఎముక మూలుగలో, లింఫ్ గ్రంథుల్లో, ప్లీహంలో తేలినయ్, పేగుల వాటా మూడు నాలుగు శాతమే. కానీ యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా సెల్స్ ఒక్కటే తీసుకుంటే వాటిలో దాదాపు 70 శాతం పేగుల్లోనే ఉన్నయ్. అంటే పేగు పెద్ద సైన్యం కాదు, పెద్ద ఫ్యాక్టరీ. రోజుకి 3 నుంచి 5 గ్రాముల ఐజీఏ యాంటీబాడీ తయారుచేస్తది, మిగతా అన్ని రకాల యాంటీబాడీలు కలిపినా అంత ఉండదు. ఈ ఐజీఏ స్వభావం చూడు, ఇది ఎవ్వర్నీ చంపదు, మంట పుట్టించదు. గోడ దాటి జిగురులోకి పోయి, బాక్టీరియాని, టాక్సిన్ ని పట్టుకుని గోడకి అంటకుండా చేస్తది, అవి అట్లనే మలంతో బయటికి పోతయ్. మన హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన రోటావైరస్ టీకాని పిల్లలకి సూది కాకుండా నోట్లో చుక్కలుగా ఎందుకు వేస్తరంటే ఇందుకే, పేగుకి పని నేర్పాలంటే పేగు ద్వారానే నేర్పాలె. ఆ టీకాకి వాడిన వైరస్ రకం 1985లో ఢిల్లీ ఎయిమ్స్ లో అప్పుడే పుట్టిన పిల్లల్లో దొరికింది, వాళ్లకి అది సోకినా విరేచనాలు రాలేదు, అదే గమనించి 30 ఏళ్ల కష్టం తర్వాత 2015లో టీకాగా బయటికి తెచ్చిన్రు.

చిన్న పేగు చివరి భాగంలో పేయర్స్ ప్యాచ్‌లు అని లింఫ్ కణజాలం మచ్చలు మచ్చలుగా ఉంటది. వాటి మీద ఎం సెల్స్ అని ప్రత్యేకం, వీటికి జిగురు తక్కువ, పని ఏందంటే పేగులో తిరిగేవాటిని కొద్దికొద్దిగా పట్టుకుని కింద ఉన్న ఇమ్యూన్ సెల్స్ కి చూపించడం. కిటికీ లాంటిది, బయట ఎవరున్నరో చూడాలంటే కిటికీ ఉండాలె కదా. టైఫాయిడ్ బాక్టీరియా ఆ కిటికీలోంచే దూకుతది. అక్కడ లింఫ్ కణజాలం వాచి, కుళ్లి, పుండు పడతది, ప్యాచ్ పేగు పొడుగునా ఉంటది కాబట్టి పుండు కూడా నిలువుగా పడతది. టీబీ పుండు అయితే పేగు చుట్టూ లింఫ్ నాళాల వెంట పాకుతది కాబట్టి అడ్డంగా ఉంటది. నిలువు టైఫాయిడ్, అడ్డం టీబీ అని మన దగ్గర మెడికల్ స్టూడెంట్లు అందరూ బట్టీ పడతరు, నేను మాత్రం అది బట్టీ పట్టే విషయం కాదని ఒక కేసుతో నేర్చుకున్న. 19 ఏళ్ల పిల్లగాడు, జ్వరానికి మెడికల్ షాపులో రెండు రోజుల గోలీలు కొనుక్కుని, తగ్గగానే ఆపి, మళ్లీ వస్తే మళ్లీ రెండు రోజులు, ఇట్ల మూడో వారం దాకా లాగిండు. ఆపరేషన్ లో తీసిన పేగు ముక్క నా బల్ల మీదికి వచ్చింది, సరిగ్గా ఆ నిలువు పుండు మధ్యలో పెన్సిల్ పట్టేంత రంధ్రం. పిల్లగాడు బతికిండు, కానీ ఆ రంధ్రం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంటది. జ్వరం మూడు రోజులు దాటితే యాంటీబయోటిక్ మొదలుపెట్టే ముందే బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో బాక్టీరియా ఉందా అని పెంచి చూసే టెస్ట్, ఇయ్యి, టైఫాయిడ్ కి మామూలుగా చేసే వైడాల్ రక్త పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోకు. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఉంది, వాటిలో డబ్ల్యూహెచ్ఓ ప్రీక్వాలిఫికేషన్, అంటే నాణ్యత చూసి ఇచ్చే ఆమోదం, పొందిన మొదటిది మన హైదరాబాద్ లో తయారైందే, బయట తినే అలవాటు ఉన్నోడివి కాబట్టి డాక్టర్ ని అడిగి వేయించుకో.

ఇమ్యూనిటీ పెంచాలె అన్నవ్ కదా, నాకు బాధ కలిగేది ఈ మాటతోనే. పేగు చేసే గొప్ప పని కొట్లాట కాదు, కొట్లాడకుండా ఉండటం. రోజూ పప్పు, పాలు, గుడ్డు, గోధుమ, అన్నీ పరాయి ప్రోటీన్లే, పైగా లోపల సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా, వీటన్నిటి మీద దాడి మొదలుపెడితే మనిషి బతకడు. అందుకని పేగులో రెగ్యులేటరీ టీ సెల్స్ అని ఆపేవాళ్లు ఉంటరు, ఇది అన్నం, వదిలెయ్ అని నేర్పుతరు. ఆ అదుపు తప్పితే ఏమైతదో నేను స్లైడ్ లో లెక్కపెడత, అక్షరాలా లెక్కపెడత. గోడ సెల్స్ మధ్యల దూరి కాపలా కాసే లింఫోసైట్లు ఉంటయ్, 100 గోడ సెల్స్ కి 25 దాటితే అనుమానం, దాంతో పాటు విల్లై అరిగి చదునైతే సీలియాక్ జబ్బు, అంటే గోధుమలో గ్లూటెన్ మీద ఇమ్యూనిటీ తిరగబడ్డది. పేగు ఏళ్ల తరబడి వాచి పుండ్లు పడే క్రోన్స్, అల్సరేటివ్ కోలైటిస్ కూడా తక్కువ ఇమ్యూనిటీ జబ్బులు కావు, అదుపు తప్పిన ఇమ్యూనిటీ జబ్బులు. ఇంకో సంగతి, పరిశుభ్రమైన నీళ్లు, మరుగుదొడ్లు లేని చోట పెరిగే పిల్లల్లో పేగు ఎప్పుడూ కొట్లాటలోనే ఉంటది, విరేచనాలు లేకపోయినా విల్లై పొట్టిగైతయ్, తిన్నది ఒంటికి పట్టదు, నోటి చుక్కల టీకాలు కూడా సరిగ్గా పని చెయ్యవు. ఎప్పుడూ రెచ్చిపోయి ఉన్న పేగు బలమైన పేగు కాదు తమ్ముడూ. వాట్సాప్ లో వచ్చే ఇమ్యూనిటీ బూస్టర్ కషాయాలు, పౌడర్లు నీ ఇమ్యూనిటీని పెంచవు, పైగా జేబు ఖాళీ చేస్తయ్, వాటి జోలికి పోకు.

పెద్ద పేగులో కథ వేరే, అక్కడ బాక్టీరియా మస్తు ఎక్కువ, కానీ జిగురు రెండు పొరలు. బయటి పొరలో బాక్టీరియా ఉంటయ్, గోడకి అంటుకున్న లోపలి పొర గట్టిగా ఉండి వాటిని దగ్గరికి రానియ్యదు, 2008లో ఇది కూడా స్వీడన్ వాళ్లే చూపించిన్రు. ఆ బాక్టీరియాకి మనం పీచు పెడితే అవి దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ చేస్తయ్, పెద్ద పేగు సెల్స్ కి అదే ముఖ్యమైన తిండి, పైన చెప్పిన ఆపేవాళ్లని, అంటే రెగ్యులేటరీ టీ సెల్స్ ని, పెంచేది కూడా అదే. పీచు పెట్టకపోతే ఎలుకల్లో చూసినదాని ప్రకారం బాక్టీరియా ఆ జిగురునే తినడం మొదలుపెట్టినయ్. నువ్వు ప్రోబయోటిక్ డబ్బాకి పెట్టిన డబ్బుతో జొన్న రొట్టె, తోటకూర, పెసలు, జామకాయలు ఎన్ని వస్తయో లెక్కేసుకో. డబ్బాలో ఉన్న బాక్టీరియా చాలామందిలో కాపురం పెట్టవు, వాడటం ఆపగానే పోతయ్. ఇంత దాటుకుని గోడ లోపలికి ఏదైనా పోయినా పేగు రక్తం దాదాపు అంతా పోర్టల్ సిర ద్వారా ముందు లివర్ కే పోతది, అక్కడ కుప్ఫర్ సెల్స్ అనే కాపలా సెల్స్ పట్టుకుంటయ్.

ఇగ నువ్వు చేయాల్సింది. పాంటాప్రజోల్ ని రేపటి నుంచి ఠక్కున ఆపకు, ఆపితే ఆసిడ్ ఒక్కసారి ఎగదన్ని మంట ఇంకా ఎక్కువైతది, అప్పుడు నువ్వు మళ్లీ గోలీ పట్టుకుంటవ్. రాసిచ్చిన డాక్టర్ దగ్గరికి పోయి, ఇది నాకు ఇంకా అవసరమా, డోస్ తగ్గిస్తూ ఆపొచ్చా అని సూటిగా అడుగు, ఎండోస్కోపీలో ఏమన్నా ఉంటే కొనసాగించమంటరు, లేకపోతే దించుతరు. మళ్లీ మోషన్స్ వస్తే మొదటి గంటలోనే ఓఆర్ఎస్ మొదలుపెట్టు, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లల్లోనే కలుపు, రక్తం పడినా, ఒంటేలు తగ్గినా, జ్వరం పెరిగినా ఇంట్లో కూర్చోకు. రక్తం, జ్వరం ఉన్నప్పుడు మోషన్స్ ని ఆపే గోలీలు నీ అంతట నువ్వు వేసుకోకు, పేగు బయటికి తోసేస్తున్నదాన్ని లోపల బంధించినట్టైతది.

నీ చాయ్ ఉబ్బరం సంగతి చెప్త. పాలల్లో చక్కెరని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ ఆ విల్లై కొసల్లో ఉన్న సెల్స్ లోనే ఉంటది. ఇన్‌ఫెక్షన్ కి మొదట రాలిపోయేది ఆ కొసలే. మళ్లీ కొత్త సెల్స్ అడుగు నుంచి ఎక్కి, కొసకి చేరి, ఎంజైమ్ తయారుచేసుకునే దాకా పాలు అరగవు, పెద్ద పేగులోకి పోయి అక్కడ పులిసి గాలి పుట్టిస్తయ్. చాలామందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటది. అప్పటిదాకా పాలు మానేసి పెరుగన్నం తిను, పెరుగులో ఆ చక్కెర కొంత అప్పటికే బాక్టీరియా తినేసి ఉంటయ్ కాబట్టి అది నీకు పడతది. నెల దాటినా ఉబ్బరం తగ్గకపోతే, బరువు తగ్గుతుంటే, అప్పుడు ఎండోస్కోపీ చేసి నాలాంటి వాళ్లకి ఒక ముక్క పంపియ్యమను.